అడాల్ఫ్ కెట్లే: మానవ సమూహమును తూచిన ఖగోళ శాస్త్రజ్ఞుడు

నేడు వైద్యపరీక్షకు పోయిన ప్రతి వ్యక్తియు మొదట తూకపు యంత్రముపై నిలువవలెను. పిదప గోడకు ఆనుకొని ఎత్తు కొలిపించుకొనవలెను. బరువును కిలోగ్రాములలోను, ఎత్తును మీటర్లలోను తీసికొని, ఎత్తును ఎత్తుచే గుణించి, ఆ లబ్ధముతో బరువును భాగించినచో ఒక సంఖ్య వచ్చును. దానికి బాడీ మాస్ ఇండెక్స్, సంగ్రహముగ బి.ఎం.ఐ., అని పేరు. ఆ ఒక్క సంఖ్యను బట్టి ఒకడు కృశించినవాడనియు, ఒకడు సమముగ నున్నవాడనియు, మరియొకడు స్థూలకాయుడనియు నిర్ణయము వెలువడును. పలువురకు ఆ నిర్ణయము ఊరట. మరి పలువురకు అది బెంగ. కాని ఈ సంఖ్యకు మూలపురుషుడు వైద్యుడు కాడనియు, నక్షత్రములను పరిశీలించిన గణితజ్ఞుడనియు, ఒక్క మనిషి ఆరోగ్యమును తేల్చుటకు ఆయన దీనిని ఉద్దేశింపలేదనియు ఎరిగినవారు అరుదు. ఆ మహనీయుని చరిత్ర తెలిసినగాని ఈ సంఖ్య విలువయు, దాని హద్దును మనకు బోధపడవు.

బాల్యము, విద్యాభ్యాసము

లాంబేర్ అడాల్ఫ్ జాక్ కెట్లే 1796వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన గెంట్ నగరమున జన్మించెను. నేడు బెల్జియము దేశములో నున్న ఆ నగరము అప్పుడు ఫ్రెంచి వారి ఏలుబడిలో నుండెను. 1815లో నెపోలియన్ పతనానంతరము అది నెదర్లాండ్స్ రాజ్యమున చేరెను; 1830లో విప్లవము చెలరేగి బెల్జియము స్వతంత్ర రాజ్యమయ్యెను. ఇట్లు కెట్లే మూడు ప్రభుత్వములను చూచెను. ప్రభుత్వములు మారినను, లెక్కలు మారని సత్యములను చెప్పునన్న విశ్వాసము ఆయనకు ఇట్టి కాలమునందే అలవడి యుండుటలో వింత లేదు.

తండ్రి గెంట్ పురపాలక కార్యాలయమున ఉద్యోగి. కెట్లేకు ఏడేండ్లు నిండునప్పటికే తండ్రి గతించెను. కుటుంబభారము తొందరగ మీదపడుటచే పదునేడవ యేటనే ఉపాధ్యాయవృత్తిని చేపట్టవలసి వచ్చెను. పందొమ్మిదవ యేట స్వస్థలమందలి కళాశాలలో గణితాచార్యుడయ్యెను. అయినను ఆ వయస్సున ఆయన మనస్సు గణితముకన్న కళలవైపే మొగ్గి యుండెను. చిత్రకారుని వద్ద చేరి చిత్రలేఖనము నేర్చెను, పద్యములు వ్రాసెను, తన మిత్రుడు డాండెలిన్‌తో కలిసి ఒక సంగీత నాటకమును రచించెను. అది 1816లో గెంట్ నగరమున ప్రదర్శింపబడెను. చిత్రకారుడు మనుష్య శరీరమును చూచునపుడు తలకును మొండెమునకును, చేతికిని కాలికిని గల పాళ్లను గమనించును. ఆ కంటిచూపు కెట్లేను జీవితాంతము విడువలేదు. ఆయన వృద్ధాప్యమున వ్రాసిన గ్రంథములో సైతము శరీర పరిమాణములను గూర్చి చిత్రకారులకును శిల్పులకును పనికివచ్చు చర్చ కలదు.

1817లో గెంట్ నగరమున విశ్వవిద్యాలయము నెలకొల్పబడెను. రెండేండ్ల పిదప, అనగా 1819లో, ఆ విశ్వవిద్యాలయము ఇచ్చిన తొలి డాక్టరు పట్టము కెట్లేకే దక్కెను. శాంకవములను గూర్చి ఆయన వ్రాసిన సిద్ధాంత వ్యాసము విద్వాంసుల మెప్పును పొందెను. ఆ సంవత్సరమే బ్రస్సెల్స్ నగరమున గణితాచార్య పదవి లభించెను. మరుసటి యేడు అచ్చటి విజ్ఞాన పరిషత్తు ఆయనను సభ్యునిగ ఎన్నుకొనెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువది నాలుగేండ్లు మాత్రమే.

పారిస్ యాత్ర

బ్రస్సెల్స్ నగరమునకు ఒక వేధశాల కావలెనని కెట్లే 1823లో ప్రభుత్వమునకు విన్నవించెను. వేధశాలను నిర్మించుట ఎట్లో, దూరదర్శినులను నడుపుట ఎట్లో తెలిసికొనుటకు ప్రభుత్వము ఆయనను పారిస్ పంపెను. ఆ యాత్ర కొలది నెలలదే. అయినను ఆయన జీవితమును మలుపు త్రిప్పినది అదియే. అచ్చట ఆయన అరాగో, బువార్ మున్నగు ఖగోళవేత్తల వద్ద వేధశాల పనిని నేర్చెను. దానితోపాటు లాప్లాస్, ఫూరియే వంటి మహాగణితజ్ఞుల ప్రభావమునకు లోనై, సంభావ్యతా సిద్ధాంతమును అభ్యసించెను.

ఆ సిద్ధాంతమునకును నక్షత్రములకును గల సంబంధము ఇది. ఒక నక్షత్రస్థానమును నూరు మారులు కొలిచినచో నూరు విలువలు కొంచెము కొంచెము భేదించుచు వచ్చును. చేయి వణకవచ్చును, గాలి కదలవచ్చును, యంత్రము సరిగ అమరకపోవచ్చును. కాని ఆ విలువలన్నియు ఒక మధ్యవిలువ చుట్టును గుమిగూడును. దానికి చేరువనున్నవి ఎక్కువ. దూరమైన కొలది తక్కువ. చిత్రించి చూచినచో గంట ఆకారము గల వక్రరేఖ ఏర్పడును. ఆ నడిమి విలువయే నక్షత్రము యొక్క నిజస్థానమునకు మిక్కిలి చేరువయైనదని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. నక్షత్రము ఒక్కటే; పొరపాట్లు మాత్రమే పెక్కు. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. కెట్లే సాధించిన ఘనతయు, ఆయన చేసిన పొరపాటును రెండును దీనినుండియే పుట్టినవి.

1824లో కెట్లే వివాహమాడెను. 1828లో వేధశాలకు అధిపతిగ నియుక్తుడయ్యెను. భవనము పూర్తికాకముందే 1830 నాటి విప్లవము వచ్చి, శాస్త్రమునకై కట్టిన ఆ గోడలు సైనికులకు కోటగోడలుగ ఉపయోగపడెను. అల్లరి అణగిన పిదప 1832లో ఆయన అచ్చట నివాసమేర్పరచుకొని పని ప్రారంభించెను. ఆగస్టు నెలలో ఏటేట ఉల్కలు విరివిగ రాలునని గుర్తించినవారిలో ఆయన యొకడు. చెట్లు పూచు దినములను సైతము లెక్కించెను. చివరి మంచుదినము మొదలుకొని ప్రతిదినపు సగటు ఉష్ణోగ్రతను వర్గము చేసి కూడగా మొత్తము 4264కు చేరినపుడు లైలాక్ పొద పుష్పించునని లెక్కకట్టెను. ఆకాశమైనను, పూలపొదయైనను, మనుజుడైనను, దేనినైనను కొలిచి దానిలోని నియమమును వెదకుటయే ఆయన స్వభావము.

మనుష్యులను కొలుచుట

నక్షత్రములను కొలుచు చేతులతోనే మనుష్యులను కొలువరాదా అను ప్రశ్న ఆయనను వదలలేదు. జనన మరణములు, వివాహములు, నేరములు మున్నగువాని పట్టికలను తెప్పించి పరిశీలించెను. ఫ్రాన్సు దేశపు న్యాయస్థానముల లెక్కలను చూడగా, నేరము చేసినవారు ఏటేట వేరైనను నేరముల సంఖ్య ఇంచుమించుగ మారక నిలిచియుండుట ఆయనను విస్మితుని చేసెను. వ్యక్తి ఏమి చేయునో చెప్పజాలము. సమూహమున ఏమి జరుగునో మాత్రము చెప్పగలము. ఈ సూత్రమే ఆయన శాస్త్రమునకు పునాది.

ఈ పరిశోధనలలో భాగముగనే ఆయన శరీరపు బరువును పరీక్షించెను. బ్రస్సెల్స్ నగరపు ప్రసూతిశాలలో అప్పుడే పుట్టిన బిడ్డలను తూచి, మగబిడ్డల సగటు బరువు 3.20 కిలోగ్రాములనియు, ఆడబిడ్డల సగటు 2.91 కిలోగ్రాములనియు కనుగొనెను. పుట్టిన శిశువు మొదటి రెండు మూడు దినములలో కొంచెము బరువు తగ్గి మరల పెరుగునని లెక్కలతో చూపెను. పెద్దవారిని వస్త్రములతోనే తూచవలసి వచ్చినందున, వస్త్రముల బరువు పురుషులకు మొత్తములో పదునెనిమిదవ వంతనియు, స్త్రీలకు ఇరువది నాలుగవ వంతనియు నిర్ణయించి దానిని తీసివేసెను. పురుషుడు సుమారు నలువదవ యేట గరిష్ఠమైన బరువును పొందుననియు, స్త్రీ సుమారు ఏబదవ యేట పొందుననియు, అరువదవ యేటి పిదప శరీరము క్షీణింప నారంభించుననియు ఆయన పట్టికలు తెలిపెను. ఈ ఫలితములు 1832లో తొలుత ప్రకటితములయ్యెను.

ఆ పట్టికలలోనే నేటి బి.ఎం.ఐ. బీజము కలదు. మనుజుడు ఎత్తు, వెడల్పు, మందము అను మూడు దిక్కులను సమముగ పెరిగినచో బరువు ఎత్తు యొక్క ఘనమును అనుసరింపవలెను. అట్లు జరుగుట లేదని కెట్లే చూచెను. పొడవరి అడ్డముగ అంత పెరగడు. పూర్తిగ ఎదిగిన వయోజనులను ఒకరితో నొకరిని పోల్చిచూడగా బరువు ఇంచుమించుగ ఎత్తు యొక్క వర్గమును అనుసరించుచుండెను. ఎదుగుచున్న పిల్లల విషయమున ఈ నియమము వర్తింపదనియు, అచ్చట వర్గమునకును ఘనమునకును నడుమ నుండు వేరొక సంబంధము కలదనియు ఆయనయే చెప్పెను. స్థౌల్యమును గూర్చి గాని, రోగమును గూర్చి గాని ఆయన ఇచ్చట తీర్పు చెప్పలేదు. ఒక జనసమూహములో ఎత్తును బరువును ఎట్లు కలసి నడచునో తెలిసికొనుటయే ఆయనకు కావలసినది.

సగటు మానవుడు

1835లో మానవుని గూర్చి కెట్లే రచించిన రెండు సంపుటముల గ్రంథము పారిస్‌లో వెలువడెను. సామాజిక భౌతిక శాస్త్రమని ఆయన దానికి ఉపశీర్షిక నిచ్చెను. 1842లో దాని ఆంగ్లానువాదము ఎడింబరోలో ప్రచురితమయ్యెను. ఈ గ్రంథమందు ఆయన సగటు మానవుడు అను భావనను ప్రతిష్ఠించెను. ఒక జాతి యందలి ఎత్తులు, బరువులు, బలములు, గుణములు అన్నిటికి సగటు కట్టి, ఆ సగటులను ఒక్క రూపమున కూర్చినచో ఏర్పడు కల్పిత వ్యక్తియే సగటు మానవుడు.

పిదప 1846లో ప్రకటించిన లేఖల గ్రంథములో ఆయన మరియొక అడుగు వేసెను. 5738 మంది స్కాటిష్ సైనికుల ఛాతీ కొలతలను తీసికొని చూడగా, అవి నలువది అంగుళములకు చేరువనున్న సగటు చుట్టును, నక్షత్రపు కొలతలలోని పొరపాట్లవలెనే, గంట ఆకారమున అమరెను. ఫ్రెంచి సైన్యమునకు పిలువబడిన లక్షమంది యువకుల ఎత్తులను అట్లే పరీక్షింపగా, సైన్యమున చేరుటకు అర్హమైన 1.57 మీటర్లకు కొంచెము దిగువను ఉండవలసినంతకన్న సుమారు రెండువేల మంది ఎక్కువగను, కొంచెము ఎగువను తక్కువగను కనిపించిరి. యుద్ధమునకు పోవుట తప్పించుకొనుటకు అంతమంది పొట్టివారుగ నమోదు చేయించుకొనిరని ఆయన గ్రహించెను. ఒక్కని ముఖమైన చూడకయే రెండువేల మంది మోసమును పట్టిన గణితము లోకమునకు అద్భుతముగ తోచెను.

కాని ఇచ్చటనే ఆయన త్రోవ తప్పెను. నక్షత్రము విషయమున సగటు సత్యము, భేదములు పొరపాట్లు. మనుష్యుల విషయమునను అట్లే సగటు మానవుడు ప్రకృతి ఉద్దేశించిన మచ్చుబొమ్మ యనియు, మనమందరము ఆ మచ్చుకు కొంచెముగనో గొప్పగనో తప్పిన ప్రతులమనియు ఆయన తలంచెను. సౌందర్యమునకును, ఆరోగ్యమునకును, శీలమునకును సగటే ఆదర్శమని భావించెను. ఇది లెక్కలు చెప్పిన మాట కాదు. ఆయన మనస్సు చెప్పిన మాట. మనుష్యులు ఒక్క నక్షత్రమునకు తీసిన నూరు కొలతలు కారు. వారు నూరు వేర్వేరు నక్షత్రములు.

ఈ లోపమును ఆ కాలమునందే గుర్తించినవారు లేకపోలేదు. ఫ్రెంచి గణితజ్ఞుడు కూర్నో 1843లో ఒక చక్కని దృష్టాంతము చూపెను. పెక్కు లంబకోణ త్రిభుజములను తీసికొని, వాని భుజములకు విడివిడిగ సగటు కట్టి, ఆ సగటు భుజములతో త్రిభుజమును నిర్మించినచో అది సాధారణముగ లంబకోణ త్రిభుజము కాదు. అట్లే సగటు ఎత్తు, సగటు బరువు, సగటు అవయవములు గల మనుజుడు లోకమున ఎచ్చటను ఉండకపోవచ్చును. ఉండుటయే అసంభవము కావచ్చును. అంతకు ముందే, 1827లో, ఒక ప్రాంతపు నిష్పత్తిని బట్టి దేశమంతటి జనాభాను ఊహింపవచ్చునని కెట్లే తలపోయగా, కెవర్బర్గ్ అను పాలనాధికారి అభ్యంతరము చెప్పెను. ఊరికిని ఊరికిని, జనులకును జనులకును గల భేదములు అనేకములనియు, ఒకచోటి కొలతను మరియొకచోట వర్తింపజేయుట ప్రమాదమనియు ఆ అధికారి వాదించెను. కెట్లే ఆ వాదమును గౌరవించి తన పద్ధతిని విడిచిపెట్టెను. విమర్శను విని మనస్సు మార్చుకొనుట పెద్దల లక్షణము. తన బరువుల నియమము ఒకనాడు దేశదేశములకు ఒక్క తీరుగ వర్తింపజేయబడునని మాత్రము ఆయన ఊహించి యుండడు.

ప్రజాసేవ, తుదిదినములు

కెట్లే గదిలో కూర్చుండి గ్రంథములు వ్రాసినవాడు మాత్రమే కాదు. ప్రభుత్వపు పనిని శ్రద్ధగ నెరవేర్చిన ఉద్యోగి. 1834 మొదలు మరణపర్యంతము, నలువది ఏండ్లు, బ్రస్సెల్స్ విజ్ఞాన పరిషత్తునకు శాశ్వత కార్యదర్శిగ ఉండెను. 1841లో బెల్జియమునందు ఏర్పడిన కేంద్ర గణాంక సంఘమునకు అధ్యక్షత వహించెను. 1846లో ఆ దేశమున జరిగిన జనాభా లెక్కలు ఆయన పర్యవేక్షణమున అంతటి శ్రద్ధతో జరుగుటచే ఇతర దేశములకు ఆదర్శమయ్యెను. 1834లో లండనులో గణాంక సంఘము స్థాపితమగుటకు ఆయన ప్రోద్బలమొక కారణము. 1853లో ప్రపంచపు మొదటి అంతర్జాతీయ గణాంక మహాసభను ఆయన బ్రస్సెల్స్‌లో సమావేశపరచెను. దేశదేశముల లెక్కలు ఒకే తీరున తయారైనగాని పోల్చుటకు వీలుకాదన్నది ఆయన పట్టుదల. నేడు అంతర్జాతీయ సంస్థలు ప్రకటించు పట్టికలన్నిటికిని ఆ సభయే మొదటి మెట్టు.

విక్టోరియా రాణి భర్తయైన ఆల్బర్ట్ రాజకుమారుడు యౌవనారంభమున ఆయన శిష్యుడు. 1860లో లండనున జరిగిన గణాంక మహాసభకు ఆల్బర్ట్ అధ్యక్షుడు కాగా గురువు ప్రతినిధిగ హాజరయ్యెను. ఆ సందర్భమున ఫ్లారెన్స్ నైటింగేల్ కెట్లేను కలిసికొనెను. సైనిక వైద్యశాలలలో మరణములను లెక్కలచే నిరూపించి, సంస్కరణలను సాధించిన ఆ సాధ్వి ఆయనను గురుతుల్యునిగ భావించెను.

1855లో కెట్లేకు మస్తిష్కాఘాతము సంభవించెను. ప్రాణము నిలిచినను జ్ఞాపకశక్తి దెబ్బతినెను. లోకమంతటి లెక్కలను నోటనుంచుకొన్న మనీషికి ఇంతకు మించిన కష్టము వేరొకటి లేదు. అయినను ఆయన పనిని మానలేదు. 1869లో తన ప్రధాన గ్రంథమును పెంచి మరల ప్రకటించెను. 1870లో మానవ శరీర పరిమాణములను గూర్చిన పెద్ద గ్రంథమును వెలువరించెను. 1874వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన, డెబ్బది యెనిమిదవ జన్మదినమునకు ఐదు దినముల ముందు, బ్రస్సెల్స్‌లో కన్నుమూసెను. ఆ నగరమున ఆయనకు శిలావిగ్రహము నెలకొల్పిరి.

సంఖ్యకు పునర్జన్మ

కెట్లే గతించిన పిదప ఆయన బరువుల నియమము సుమారు నూరేండ్లు మరుగున పడియుండెను. ఇరువదవ శతాబ్దమున అమెరికాలోని జీవితబీమా సంస్థలు ఎత్తును బట్టి ఉండవలసిన బరువును తెలుపు పట్టికలను తయారు చేసినవి. బీమా తీసికొన్నవారి లెక్కలపై ఆధారపడిన ఆ పట్టికలు సర్వజనులకు సరిపోవని పలువురు సంశయించిరి. 1972లో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు సహచరులతో కలసి ఐదు దేశములకు చెందిన ఏడువేలకు పైబడిన పురుషుల కొలతలను పరీక్షించి, ఉన్న సూచికలలో కెట్లే నిష్పత్తియే మేలైనదని తేల్చి, దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరిడెను. ఆ పరిశీలనలో స్త్రీలు లేరు. ఈ సూచిక జనసమూహముల అధ్యయనమునకు తగినదని మాత్రమే ఆయన భావము. కాని సులభమైన వస్తువు త్వరగ వ్యాపించును. ఒక తూకపు యంత్రము, ఒక కొలబద్ద ఉన్న చాలును. రక్తము తీయనక్కరలేదు, ఖర్చు లేదు. క్రమముగ ప్రపంచ ఆరోగ్య సంస్థయు దీనిని స్వీకరించి, 18.5కు తక్కువైనచో బరువు చాలనివారనియు, 25 మొదలు అధికబరువు గలవారనియు, 30 మొదలు స్థూలకాయులనియు హద్దులు గీచెను.

ఈ కొలత నిరుపయోగమనుట అన్యాయము. జనసమూహముల విషయమున దాని మేలు మనదేశముననే స్పష్టముగ కనిపించును. 1918లో కూనూరున ప్రారంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అచ్చట కేంద్రస్థానము గలదై 1972లో ఏర్పడిన పోషకాహార పర్యవేక్షక విభాగము పల్లెపల్లెకు పోయి ప్రజల ఎత్తు బరువులను సేకరించెను. పేదల ఆకలి అంకెల రూపమున ప్రభుత్వముల కంటబడుటకు ఇట్టి కొలతలే సాధనములయ్యెను. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మనదేశపు స్త్రీలలో నూటికి 18.7 మంది 18.5కు దిగువనుండగా, నూటికి 24 మంది 25కో అంతకు మించియో ఉండిరి. ఒకే దేశమున కృశత్వమును స్థౌల్యమును ప్రక్కప్రక్కన ఉన్నవని తెలుపుటకు ఈ కొలత చాలును. పెద్ద సమూహములలో ఈ సంఖ్య పెరిగినకొలది మధుమేహము, రక్తపోటు, హృద్రోగము పెరుగుటయు నిజమే.

చిక్కు వచ్చునది సమూహపు కొలతను ఒక్క మనిషిపై మోపునపుడు. తూకపు యంత్రమునకు కండయు కొవ్వును ఒక్కటే. 1.70 మీటర్ల ఎత్తు గల మనుజుడు 72.25 కిలోగ్రాములు తూగినచో ఆయన సంఖ్య సరిగా 25. ఆ బరువు దండెములు తీసి, కుస్తీపట్టి గడించిన కండ కావచ్చును. దినమంతయు బల్లముందు కూర్చుండి నడుముచుట్టును కూడబెట్టిన కొవ్వు కావచ్చును. సంఖ్య ఇద్దరినీ ఒక్క వరుసనే నిలుపును. కోడి రామమూర్తి పేరెరిగిన తెలుగువారికి ఈ సంగతిని ఇంకను వివరింప నక్కరలేదు. వృద్ధులలో కండ తరిగి కొవ్వు పెరిగినను బరువు మారకపోవచ్చును. సంఖ్య మాత్రము అంతయు క్షేమమనును. కొవ్వు ఎంత యున్నదన్నది యొక ప్రశ్న, ఎచ్చట నున్నదన్నది మరియొక ప్రశ్న. పొట్టలోపల చేరిన కొవ్వు తొడలయందు చేరిన కొవ్వుకన్న ప్రమాదకరము. ఈ రెంటిలో ఏ ప్రశ్నకును బి.ఎం.ఐ. సమాధానము చెప్పజాలదు.

భారతీయుల విషయమున ఈ లోపము మరింత ముఖ్యము. 2004లో లాన్సెట్ వైద్యపత్రికలో పుణె నగర వైద్యుడు యాజ్ఞిక్, ఆంగ్ల వైద్యుడు యుడ్కిన్ తమ ఇరువురి ఛాయాచిత్రమునే ప్రకటించిరి. ఇరువురి బి.ఎం.ఐ. ఒక్కటే, 22.3. కాని శరీరములోని కొవ్వు ఆంగ్లేయునికి నూటికి 9.1 పాళ్లు కాగా, భారతీయునికి 21.2 పాళ్లు. చూచుటకు సన్ననివారై యుండియు మనవారు మధుమేహమునకు లోనగుటకు గల కారణములలో ఇది యొకటి. ఆ సంవత్సరమే ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన నిపుణులు ఆసియావాసులు 23 నుండియే జాగ్రత్త పడవలెనని సూచించిరి. 2009లో భారతీయ వైద్యనిపుణులు 23ను అధికబరువునకును, 25ను స్థౌల్యమునకును హద్దుగ అంగీకరించి, నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదని చేర్చిరి. 2023లో అమెరికన్ వైద్యసంఘము బి.ఎం.ఐ.ని ఒంటరిగ నమ్మక ఇతర పరీక్షలతో చేర్చి చూడవలెనని తీర్మానించెను. 2025లో పలు దేశముల నిపుణుల సంఘము, స్థౌల్యమును నిర్ధారించుటకు నడుము కొలత వంటి వేరొక ఆధారము కూడ కావలెననియు, అవయవముల పనితీరును చూచినగాని రోగమని పలుకరాదనియు తెలిపెను. రెండు శతాబ్దముల క్రిందట కెవర్బర్గ్ చెప్పిన అభ్యంతరమే వైద్యశాస్త్రము ద్వారమున మరల ప్రవేశించెను.

ఒక్క కొలతతో మనుజుని తేల్చరాదను పాఠమును నేర్పినవారిలో తెలుగుబిడ్డ ఒకడుండుట మనకు గర్వకారణము. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునకు పోయిన కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రశాంతచంద్ర మహలనోబిస్, మజుందారులతో కలసి సంయుక్త పరగణాల ప్రజల శరీర కొలతలను విశ్లేషించిరి. 1949లో ఆ పరిశీలన ప్రకటితమయ్యెను. ఎత్తు, తల పొడవు, ముక్కు వెడల్పు మున్నగు పెక్కు కొలతలను విడివిడిగ కాక, ఒకదానితో నొకటికి గల సంబంధముతో సహా ఒక్కమారుగ చూచుట ఆ పద్ధతి విశేషము. 2023లో నూట రెండేండ్ల వయస్సున రావుగారు కీర్తిశేషులైరి. మనుష్యులను కొలుచు విద్యను కెట్లే నాటగా, దానిని పెంచి కొమ్మలు వేయించినవారిలో వారు అగ్రగణ్యులు.

కెట్లే జీవితము మనకు రెండు సంగతులను తెలుపును. లెక్కలు లేనిచో పాలకులు ప్రజల ఆకలిని గాని, రోగమును గాని గుర్తింపజాలరు. ఆ కన్నును లోకమునకు ఇచ్చినవాడు ఆయన. లెక్కలలోని సగటును ఆదర్శముగ పూజించినచో సగటుకు వేరుగ నున్న ప్రతి మనుజుడును దోషివలె నిలువవలసివచ్చును. ఆ పొరపాటుకు త్రోవచూపినవాడును ఆయనయే. కావున తూకపు యంత్రము చూపిన సంఖ్యను చూచి దిగులుపడ నక్కరలేదు, పొంగిపోవనును వలదు. దానిని వైద్యునితో ఆరంభింపదగిన సంభాషణములో మొదటి మాటగ గ్రహింపవలెను. నడుము కొలతయు, రక్తపోటును, రక్తములోని చక్కెరయు, దినచర్యయు, వంశచరిత్రయు తక్కిన మాటలు. సమూహమును తూచుటకు పుట్టిన త్రాసును సమూహమునకే ఉంచి, వ్యక్తిని వ్యక్తిగ చూచుటయే ఆ ఖగోళ శాస్త్రజ్ఞునికి మనము చేయదగిన నిజమైన గౌరవము.